వీపు వెనక మాటలు

పిల్లని సంగీత పాఠశాలలో చేర్పించడానికి తీసుకెళ్ళిన రోజున వాళ్ళ నాన్న మనసులో అనుకున్నది వేరు. చంకలో పెట్టుకుని బస్సెక్కగలిగే వాయిద్యం ఏదో ఒకటి చేతికిచ్చి పంపిస్తారనుకున్నాడు. ఓ వేణువు, మహా అయితే ఓ వయొలిన్. పిల్లకి అప్పుడు పదేళ్ళు. తన ఈడు పిల్లలందరిలోకీ పొట్టిది, సన్నగా పుల్లలా ఉండేది. ఇంట్లోనూ వీధిలోనూ అందరూ పిచ్చుక అనే పిలిచేవారు.

పాఠశాలలో గదిగదికీ తిప్పి ఒక్కో వాయిద్యమూ చూపించారు. పిచ్చుక వేణువు ఊదింది, గాలి తప్ప ఏమీ రాలేదు. వయొలిన్ గడ్డం కింద పెట్టుకుంది, మెడ నొప్పిగా ఉందంది. నడవా చివరి గదిలో ఒక పెద్దాయన నిలబడి, తనకంటే ఎత్తున్న వాయిద్యం మీద కమాను లాగుతున్నాడు. అది చూడడానికి వయొలిన్‌కి తాతలా ఉంది. దీన్ని డబుల్ బాస్ అంటారని, అది నేర్పే మాస్టారు తనేనని ఆయనే చెప్పాడు. పిచ్చుక చొరవగా దగ్గరికెళ్ళి, ఎవరూ చెప్పకుండానే దాని పక్క చెక్కకి చెంప ఆనించి కళ్ళు మూసుకుంది.

"నాన్నా, ఇది చెవుల్లో కాదు, కడుపులో వినిపిస్తోంది."

నాన్న నవ్వేశాడు. మాస్టారు మాత్రం నవ్వలేదు.

"పిల్లల కొలతది ఒకటుంది లెండి. చిన్నదే," అన్నాడు.

ఆ చిన్నది పిచ్చుక కంటే జానెడు ఎత్తుంది.

"ఇంకోటేదైనా చూద్దామా బంగారం?" అని నాన్న బతిమాలాడు. పిల్ల ససేమిరా అంది. పైగా ఇంకో చిక్కు. పాఠశాల మొత్తానికి ఆ కొలతలో ఉన్నది ఆ ఒక్కటే. సాధనకి ఇంటికి తీసుకెళ్ళాలి, పాఠానికి మళ్ళీ తీసుకురావాలి. బుధవారం సాయంత్రం ఒక పాఠం, శనివారం పొద్దున ఇంకొకటి.

వాళ్ళ నాన్న లిఫ్టుల మెకానిక్కు. ఊళ్ళో సగం లిఫ్టులు అతని చేతి చలవ వల్లే పైకీ కిందికీ తిరుగుతుండేవి. ఎక్కడో ఎవరో రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయి కేకలు పెడుతుంటే, అతను తలుపు సందులోంచి "భయపడకండి, వచ్చేశాను" అనేవాడు. రోజు మొత్తం మీద అతను మాట్లాడే మాటల్లో పెద్ద మాట అదే. మిగతాదంతా గ్రీజు, తీగలు, మోటారు హోరు. తను ఉండే మూడో అంతస్తుకి మాత్రం లిఫ్టు లేదు. నల్ల సంచీలో ఉన్న ఆ వాయిద్యాన్ని భుజానికెత్తుకుని మొదటి రోజు మెట్లెక్కుతుంటే, కింద వాటాలో దర్జీ కుట్టుమిషను ఆపి మరీ చూశాడు.

"ఎవర్నండీ మోసుకొస్తున్నారు? స్పృహలో ఉన్నాడా?"

"నిద్రపోతున్నాడండీ. లేచాక మీకే వినిపిస్తుంది," అన్నాడతను రొప్పుతూ.

అతను అన్నంత పనీ అయింది. మొదటి ఆరు నెలలూ పిచ్చుక వాయిస్తుంటే ఇంట్లో గేదె ఈనుతున్నట్టుండేది. వాళ్ళమ్మ ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునే మనిషి. ఆ శబ్దానికి తలగడ చెవుల మీద కప్పుకుని, "కానీవే తల్లీ, నా నిద్ర సంగతి తర్వాత చూసుకుందాం," అని గోడ వైపు తిరిగేది. ఒక్క రోజు కూడా ఆపమనలేదు. నాన్నేమో వంటింటి గుమ్మంలో నిలబడి, పాఠంలో మాస్టారు చెప్పినవి తనకు గుర్తున్నంత వరకూ అందించేవాడు. "మోచెయ్యి కిందికి పెట్టకూడదన్నారు కదూ?" "అవును నాన్నా, తెలుసు." "ఊరికే అన్నాలే."

ఇక బస్సు. కండక్టరు ఆ నల్ల సంచీని ఎగాదిగా చూసి, "ఈ మూడో మనిషికి టికెట్టేదీ?" అన్నాడు. "మనిషి కాదండీ, వాయిద్యం," అంటే, "అయితే ఓ పాట పాడమనండి, వదిలేస్తాను," అన్నాడు. బస్సంతా గొల్లుమంది. పిచ్చుక సిగ్గుతో చచ్చిపోయింది. రెండుసార్లు అలా వెళ్ళారు. మూడోసారి జనం కిటకిటలాడుతుంటే ఎక్కనివ్వలేదు. "పద, నడిచిపోదాం," అన్నాడతను. ఆ రోజు మొదలు ఎండైనా చినుకైనా నడకే.

ఆ దారి అతనికి అరచేతి గీతల్లా గుర్తుండిపోయింది. ఇల్లు దిగగానే అచ్చాఫీసు, ఎప్పుడూ సిరా వాసన. దాటితే రొట్టెల దుకాణం. తర్వాత కాలువ మీద ఇరుకు వంతెన, ఎదురుగా ఎవరైనా వస్తే సంచీతో సహా గోడకి అతుక్కుపోయి దారివ్వాలి. అక్కణ్ణుంచి పాఠశాల దాకా ఎత్తు. అతను ముందు, పిల్ల వెనక. వీపు మీద అంత సంచీ ఉండేసరికి వెనక్కి తిరిగినా అతనికి నల్ల గుడ్డ తప్ప ఏమీ కనబడేది కాదు. పిల్లకీ అంతే, నాన్న మొహం కనబడదు. కింద రెండు కాళ్ళు మాత్రం కనబడేవి.

మొహాలు కనబడకపోవడం వల్లేనేమో, పిచ్చుక మాట్లాడడం మొదలుపెట్టింది.

ఇంట్లో అడిగితే "ఏం లేదు" తప్ప మాట పెగలని పిల్ల, ఆ నడకలో నోరు విప్పిందంటే ఇక ఆగేది కాదు. బళ్ళో తన పక్కన కూర్చునే అమ్మాయి ఉన్నట్టుండి బెంచీ మారిపోయిందని చెప్పింది. ఎందుకో తెలియక మధ్యాహ్నమంతా నీళ్ళ కుళాయి దగ్గరే గడిపానంది. అమ్మ రాత్రి డ్యూటీకెళ్ళినప్పుడల్లా ఇక తిరిగి రాదేమోనని భయమేస్తుందంది. లెక్కల టీచరు జుట్టు సొంతం కాదని బడి మొత్తానికి అనుమానమంది. ఒకసారి, "నాన్నా, నేను నీకో అబద్ధం చెప్పాను. ఏంటో మాత్రం అడగొద్దు," అంది. అతను అడగలేదు. వంతెన దాటాక తనే చెప్పేసింది.

అతను "ఊఁ" కొట్టేవాడు. "అలాగా," అనేవాడు. బరువుకి ఊపిరాడక అంతకంటే పెద్ద మాట వచ్చేది కూడా కాదు. కానీ ఒక్క మాట వదిలేవాడు కాదు. అతని చిన్నతనంలో ఇంట్లో మాటలు తక్కువ. వాళ్ళ నాన్న క్రేను నడిపేవాడు. వచ్చి కాళ్ళు కడుక్కుని, తిని, గోడకి చేరగిలబడి పడుకునేవాడు. ఆ మనిషికి ఏమిష్టమో ఏం భయమో కొడుక్కి చివరిదాకా తెలియలేదు. అందుకే వీపు వెనకనుంచి గలగలా వచ్చే ఆ మాటలు వింటుంటే, పాఠశాల ఇంకాస్త దూరంలో ఉంటే బాగుండుననిపించేది. భుజం వాచిపోయేది. రాత్రికి భార్య వేడినీళ్ళ గుడ్డ పెడుతూ, "రేపణ్ణుంచి ఆటో మాట్లాడుకోండి," అంటే, "ఫరవాలేదులే, అలవాటైపోయింది," అనేవాడు.

పాఠం జరుగుతున్నంతసేపూ నడవాలో బల్ల మీద కూర్చునేవాడు. లోపల మాస్టారు ఒకే స్వరం పదిసార్లు వాయించమనేవాడు, పిల్ల పదకొండోసారి కూడా వాయించేది. క్రమక్రమంగా గేదె ఈనడం తగ్గింది. ఒక శనివారం తలుపు వెనకనుంచి ఒక స్వరం నిలకడగా, మెత్తగా, దుప్పటి పరిచినట్టు వచ్చింది. మాస్టారు వాయించాడనుకున్నాడు. లోపలికి తొంగి చూస్తే ఆయన కుర్చీలో కూర్చుని మోకాలు రుద్దుకుంటున్నాడు. కమాను పిచ్చుక చేతిలో ఉంది.

ఏళ్ళు గడిచాయి. పిల్ల మూరెడు ఎదిగింది. వాయిద్యం కూడా మారి, పెద్ద కొలతది వచ్చింది. పద్నాలుగో పుట్టినరోజుకి ఏం కావాలమ్మా అని అడిగాడు.

"చక్రం కావాలి నాన్నా."

వాయిద్యం అడుగున నేలకి ఆనించుకునే ఇనప ఊచ ఒకటుంటుంది. దాన్ని లాగేసి, ఆ బెజ్జంలోనే చక్రం ఉన్న ఊచ దూర్చితే ఎవరి సాయమూ లేకుండా దొర్లించుకుపోవచ్చు. పాఠశాలలో పెద్ద పిల్లలందరికీ ఉందట.

"నాకు బరువేం లేదు కదమ్మా?" అన్నాడతను.

"అది కాదు నాన్నా. అందరూ వాళ్ళవి వాళ్ళే తెచ్చుకుంటారు. నేనొక్కదాన్నే..." అని ఆగిపోయింది.

చేసిస్తానన్నాడు. చక్రాలూ ఇరుసులూ అతనికి కొట్టిన పిండి. కానీ వారం గడిచింది, పక్షం గడిచింది. సరైన బేరింగు దొరకడం లేదన్నాడు. పుట్టినరోజు కూడా వచ్చి వెళ్ళిపోయింది. ఒక రోజు భార్య బట్టలు మడత పెడుతూ, తలెత్తకుండానే అంది.

"ఊళ్ళో లిఫ్టులన్నిటికీ దొరికే బేరింగు మన పిల్లకే దొరకలేదా?"

మర్నాడు అతను పనిచేసే చోట మధ్యాహ్నం భోజనం మానేసి కూర్చుని చక్రం తయారు చేశాడు. మనసు పెట్టి చేశాడు. దొర్లిస్తే చప్పుడు కాకుండా, గతుకుల్లో అదిరి చెక్క పాడవకుండా మందపాటి రబ్బరు తొడిగాడు. పిచ్చుక దాన్ని బిగించుకుని గదిలో ఇటూ అటూ తిప్పి, "భలే ఉంది నాన్నా!" అని మెడ చుట్టూ చేతులు వేసింది. ఆ శనివారం ఒక్కతే బయల్దేరింది. మూడంతస్తుల మెట్లూ అతనే దింపాడు. కింద వదిలేసి, "మబ్బు పట్టింది, నేను కూడా రానా?" అన్నాడు.

"వద్దు నాన్నా. వంతెన దగ్గర ఫ్రెండ్సు ఉంటారు."

దర్జీ కిటికీలోంచి, "ఇవాళ మీ నిద్రపోయే మనిషి మిమ్మల్ని వదిలేసి వెళ్ళిపోయాడేంటండీ?" అన్నాడు. అతను నవ్వి, మెట్లెక్కి వచ్చేశాడు. ఖాళీ భుజంతో ఎక్కుతుంటే కాళ్ళు తడబడ్డాయి.

ఆ తర్వాత శనివారాలు అతనికి గడిచేవి కావు. కాలు కాలిన పిల్లిలా ఇంట్లోనే తిరిగేవాడు. మాట కోసం రకరకాలుగా ప్రయత్నించాడు. భోజనాల బల్ల దగ్గర ఎదురుగా కూర్చుని, "చెప్పమ్మా, ఏంటి విశేషాలు?" అనేవాడు. "ఏం లేవు నాన్నా." పళ్ళెంలోకి చూసేది, లేకపోతే ఫోన్లోకి చూసేది. ఒక రోజు అతనికో ఆలోచన వచ్చింది. పిల్ల తింటుండగా లేచి వెళ్ళి, ఆమెకి వీపు పెట్టి గిన్నెలు కడగడం మొదలుపెట్టాడు. కడిగిన గిన్నే మళ్ళీ కడిగాడు. కుళాయి సన్నగా తిప్పాడు, మాట వినబడాలని. వెనక చెంచా చప్పుడైంది. కుర్చీ జరిగింది. పిల్ల పళ్ళెం తెచ్చి అతని పక్కన పెట్టి, "ఇది కూడా, నాన్నా," అని వెళ్ళిపోయింది. గుమ్మంలో నిలబడి ఇదంతా చూసిన భార్య తుండు తీసుకుని కడిగిన గిన్నెలు తుడుస్తూ పక్కన నిలబడింది.

పిల్లకి నాన్న మీద కోపమేమీ లేదు, చెడు అంతకన్నా లేదు. పెద్దదవుతోంది, అంతే. ఆ సంగతి అతనికీ తెలుసు. తెలిసినంత మాత్రాన శనివారం పొద్దున భుజం ఊరుకోదు కదా.

పదహారో ఏట పాఠశాల హాల్లో పెద్ద కచేరీ పెట్టారు. నలభై మంది పిల్లలు కలిసి వాయించారు. అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముందు వరుసలో చోటు సంపాదించాడు. పిచ్చుక వెనకాల ఓ మూల నల్ల గౌనులో నిలబడి ఉంది. కమాను కదులుతోంది, కళ్ళు కాగితం మీద ఉన్నాయి. అతను ఊపిరి బిగబట్టి విన్నాడు. వయొలిన్లు వినిపించాయి, బాకాలు వినిపించాయి. కూతురు వాయించేది మాత్రం ఎంత చెవులు రిక్కించినా విడిగా చిక్కలేదు. నాలుగేళ్ళు తలుపు బయట కూర్చుని విన్న శబ్దం, ఇప్పుడు కళ్ళెదుట పెట్టుకుని వినలేకపోయాడు.

కచేరీ అయ్యాక మాస్టారు కుంటుకుంటూ వచ్చి, "ఎలా ఉందండీ?" అన్నాడు.

"నిజం చెప్పమంటారా మాస్టారూ? మా పిల్ల వాయించింది ఒక్క ముక్క కూడా తెలియలేదు నాకు."

మాస్టారు అతని భుజం మీద చెయ్యి వేశాడు. "విడిగా ఎవరికీ వినబడదండీ. మధ్యలో అది ఆగిపోతే మాత్రం హాలు హాలంతటికీ తెలుస్తుంది. ఏదో లోటుగా ఉందే అని వెతుక్కుంటారు."

ఆ మాట అతని మనసులో చాలా రోజులు నలిగింది.

ఇంకో ఏడాదికి పిచ్చుకకి వేరే ఊళ్ళో సంగీత కళాశాలలో సీటొచ్చింది. రైల్లో ఒక పూట ప్రయాణం. అక్కడ వాయిద్యం వాళ్ళే ఇస్తారు, హాస్టలుంది. ఇంటిల్లిపాదీ సంతోషపడ్డారు. దర్జీ తన తరఫున ఓ జత దుస్తులు కుట్టిచ్చి, "ఇక మధ్యాహ్నాలు నాకు నిద్ర పట్టదేమో, జోలపాట అలవాటైపోయింది," అన్నాడు. స్టేషన్లో అమ్మ ఏడ్చింది. నాన్న సామాను పైన సర్ది, కిటికీ తలుపు సరిగ్గా పడుతుందో లేదో రెండుసార్లు చూసి దిగాడు.

పాఠశాల వాయిద్యాన్ని తిరిగి అప్పగించాల్సింది అతనే. చక్రం దానికే ఉంది. అయినా భుజానికెత్తుకున్నాడు. ఇంత దూరం మోసి మూడేళ్ళయింది, వయసూ పైబడింది. వంతెన మీద రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. దారి పొడవునా వెనక ఎవరూ లేరు. అచ్చాఫీసు యంత్రాల చప్పుడు వినిపించింది, కాలువ నీళ్ళ చప్పుడు వినిపించింది. ఇన్నేళ్ళూ ఆ కాలువ చప్పుడు చేస్తుందన్న సంగతే అతను గమనించలేదు.

పాఠశాల దగ్గర కొత్త పిల్ల, వాళ్ళమ్మ ఎదురుచూస్తున్నారు. ఆ వాయిద్యం ఇక వాళ్ళకే. పిల్ల పొడుగ్గా ఉంది, కళ్ళల్లో బెదురుంది. అతను ఎలా పట్టుకోవాలో, మెట్ల దగ్గర ఎటు వంచాలో చెప్పబోయాడు.

"కారు వెనక సీటు మడిచేస్తే పట్టేస్తుందండీ. మాకేం ఇబ్బంది లేదు," అంది వాళ్ళమ్మ మర్యాదగా.

"అయితే మంచిదే," అన్నాడు. చక్రం ఉంచుకోమని, రబ్బరు అరిగితే మార్పించుకోమని చెప్పి వచ్చేశాడు.

హాస్టలునుంచి పిచ్చుక ఫోన్లు మొదట్లో పొడిపొడిగా ఉండేవి. తిన్నాను, పడుకున్నాను, బానే ఉన్నాను. అమ్మ ఎన్నో అడిగేది. నాన్నకి ఫోనిస్తే, "డబ్బులున్నాయామ్మా?" తప్ప ఏమడగాలో తోచేది కాదు. ఒక ఆదివారం సాయంత్రం ధైర్యం చేసి అడిగాడు.

"ఓసారి వాయించి వినిపించవూ?"

పిచ్చుక ఫోను కుర్చీ మీద పెట్టి వాయించింది. అతను చెవికి గట్టిగా ఆనించుకున్నాడు. కమాను తీగల మీద గీసుకున్న చప్పుడు వచ్చింది. నేల మీద కాలు జరిపిన చప్పుడు, మధ్యమధ్య పిల్ల గట్టిగా పీల్చుకునే ఊపిరి వచ్చాయి. స్వరం మాత్రం రాలేదు. అయిపోయాక, "చాలా బాగుంది బంగారం," అన్నాడు. తర్వాతి ఆదివారం భార్య ఫోన్లో విన్నాడు. అదీ అంతే. మూడో ఆదివారం పిచ్చుక సగంలో ఆపేసింది.

"నాన్నా, నీకు వినిపించట్లేదు కదూ?"

అతను తడబడ్డాడు. "వినిపిస్తోందమ్మా. కమాను వినిపిస్తోంది. నువ్వు ఊపిరి తీసుకోవడం వినిపిస్తోంది."

"అంతేనా?"

"అంతే."

"అంత కింది స్వరాలు ఫోన్లో రావట నాన్నా. ఇవాళే ఎవరో చెప్పారు. మరి ఇన్ని వారాలూ బాగుంది బాగుంది అన్నావేంటి?"

"బాగుంది మరి. అది నువ్వే కదా."

అటునుంచి పిచ్చుక ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది.

ఆ బుధవారం సాయంత్రం, ఎప్పుడూ చెయ్యని వేళలో ఫోను మోగింది. ఎత్తగానే రొప్పు వినిపించింది.

"ఏమైందమ్మా? ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. హాస్టలునుంచి సాధన గదికి వెళ్తున్నా. ఇక్కడ దారంతా రాళ్ళు, చక్రం పనికిరాదు, భుజం మీదే. ఫోను జేబులో ఉంది. నువ్వేం అడగకు నాన్నా, నేను చెప్తుంటా."

చెప్పింది. గదిలో తనతో ఉండే అమ్మాయి నిద్రలో పాడుతుందంది. కొత్త మాస్టారికి తన వేళ్ళు పట్టే తీరు నచ్చలేదని, మొదటి నెల రోజూ స్నానాల గదిలో ఏడ్చేదాన్నని చెప్పింది. అమ్మకి చెప్పొద్దంది. తర్వాత, చెప్పినా ఫరవాలేదంది. అందరిలోకీ తనే చివర ఉన్నానేమోననిపిస్తుందని, నిన్న మాత్రం ఒక్క స్వరం తను అనుకున్నట్టే పలికిందని చెప్పింది. అతను కిటికీ దగ్గరికెళ్ళి వీధి వైపు తిరిగి నిలబడ్డాడు. తను మాట్లాడాల్సిన అవసరం లేనందుకు బతికిపోయాననుకున్నాడు.

"వచ్చేశా నాన్నా. ఉంటా," అంటూనే ఫోను పెట్టేసింది.

డ్యూటీకి తయారవుతున్న భార్య జడ అల్లుకుంటూ వచ్చింది. "ఏమంటోంది? సెలవులకి వస్తానందా?"

"అడగలేదు."

"ఇంతసేపూ ఏం మాట్లాడారు మరి?"

అతను ఆలోచించాడు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. "అక్కడ చలి మొదలైందట," అన్నాడు.

ఆమె గబగబా బీరువా తెరిచి, పిల్ల నీలం స్వెట్టరు బయటికి తీసింది. దులిపి, రెండు భుజాల దగ్గరా పట్టుకుని, పిల్ల ఎదురుగా నిలబడి ఉన్నట్టే గాల్లో ఎత్తి చూసింది.

"ఇప్పుడిది సరిపోతుందంటారా?"

అతను దగ్గరికొచ్చి చూశాడు. ఇంత ఎత్తుంటుందని చెయ్యి ఎత్తి చూపించాడు. ఆమె కాదని, ఇంకాస్త పైకి చూపించింది. స్టేషన్లో రైలు కిటికీ దగ్గర ఎంత ఉందో ఇద్దరూ గుర్తు చేసుకోబోయారు. అప్పుడు పిల్ల కూర్చుని ఉంది.